రెండు మౌనాలు

ఎండలు ముదిరాక మా కొత్తచెరువు కూడలిలో బానెట్ పైకెత్తి రోడ్డు వారకు ఆగిన కారు ఏదో ఒకటి కనిపిస్తూనే ఉంటుంది. ధర్మవరం మీదుగా పుట్టపర్తికి పోయేవి కొన్ని, పెనుకొండ దిక్కునుంచి వచ్చేవి కొన్ని, ప్రశాంతి నిలయం రైల్వే స్టేషన్లో దిగేవాళ్ల కోసం ఏసీ వేసుకొని కాచుకునే టాక్సీలు కొన్ని. బండి ఏదైనా, ఊరు ఏదైనా, డ్రైవరు చెప్పే మాట దాదాపు ఒకటే. "దారంతా బాగనే వచ్చింది సామీ. ఈడ నిలబెట్టినాకనే హీటెక్కింది." ఆయన అది తన కష్టంగా చెప్పుకుంటాడు. సగం జవాబు ఆ మాటలోనే ఉందని నాకనిపిస్తుంది. పరుగులో లేని బాధ నిలుచున్నప్పుడు వచ్చిందంటే, నిలుచున్నప్పుడు మాత్రమే పని ఉండే వస్తువును ముందు అడగాలి. ఆ వస్తువు రేడియేటర్ వెనకాల ఉండే కరెంటు ఫ్యాను.

ఇంత చిన్న వస్తువు మీద ఒక వ్యాసం అవసరమా అంటే, అవసరమేనని నా నమ్మకం. దాని రోగం కనుక్కోవడంలో, కారును మించిన ఒక ప్రశ్న ఉంది. ఊరికే ఉన్నదానికీ, చచ్చిపోయినదానికీ తేడా మనకు ఎట్లా తెలుస్తుంది?

మండే పెట్రోలు ఇచ్చే శక్తిలో స్థూలంగా మూడో వంతు బండిని నడపడానికి పనికివస్తుంది. ఇంకో మూడో వంతు పొగతో పాటు బయటికి పోతుంది. మిగిలినది ఇంజను లోహంలోకి ఎక్కుతుంది. సిలిండరులో మంట వేడి 2000 డిగ్రీలు దాటుతుంది. ఇంజను హెడ్డుకు వాడే అల్యూమినియం 660 డిగ్రీలకే కరుగుతుంది. ఈ రెండింటి మధ్య నిలబడి కాపాడేది కూలెంటు. అది ఇంజను లోపల తిరిగి, వేడిని మోసుకొచ్చి రేడియేటర్ సన్నని గొట్టాల్లో దింపుతుంది. అక్కడినుంచి దాన్ని తీసుకుపోవాల్సింది గాలి. బండి గంటకు 80 కిలోమీటర్ల వేగంతో పోతున్నప్పుడు ఆ గాలి అడక్కుండానే వస్తుంది. అందుకే 44వ నంబరు జాతీయ రహదారి మీద, ఫ్యాను చచ్చిపోయిన కారు కూడా గంటల తరబడి ఏ సంగతీ బయటపడకుండా పోగలదు. ఊళ్లోకి వచ్చి రద్దీలో ఆగినప్పుడు గాలి ఆగుతుంది. వేడి ఆగదు. డ్యాష్‌బోర్డులో వేడి చూపే ముల్లు పైకి లేస్తుంది.

కాబట్టి రోగం కనుక్కోవడంలో మొదటి ప్రశ్న 'ఏం పాడైంది' అని కాదు, 'ఎప్పుడు హీటెక్కుతోంది' అని. నిలబడితే పెరిగి, కదిలితే తగ్గితే ఫ్యాను మీద అనుమానం. నిలబడ్డా పోతున్నా పెరుగుతూనే ఉంటే ఫ్యానును వదిలేసి రేడియేటర్ పూడిందా, థర్మోస్టాట్ తెరుచుకుంటోందా, వాటర్ పంపు తోస్తోందా అని చూడాలి. ఒక్క పనిముట్టూ చేతపట్టకముందే, మంచి ప్రశ్న సగం కారును అనుమానం నుంచి విడిపిస్తుంది.

ఈ కష్టం కారుతో పాటే పుట్టింది. 1888 ఆగస్టులో బెర్తా బెంజ్ ఇద్దరు కొడుకుల్ని ఎక్కించుకొని, భర్త కార్ల్ బెంజ్ చేసిన మూడు చక్రాల బండిలో జర్మనీలోని మాన్‌హైమ్ నుంచి ఫోర్ట్స్‌హైమ్‌కు నూరు కిలోమీటర్ల పైచిలుకు ప్రయాణం చేసింది. ఆ బండిలో నీళ్లు ఆవిరైపోతూ ఇంజనును చల్లబరిచేవి. దారి పొడవునా నీళ్లు దొరికిన చోటల్లా ఆగి పోసుకుంటూ పోవాల్సి వచ్చింది. 1901లో వచ్చిన మెర్సిడెస్ బండికి విల్హెల్మ్ మేబాక్ 8,070 సన్నని గొట్టాలను ఒకచోట పేర్చి రేడియేటర్ కట్టాడు. దాని వెనకాల ఒక ఫ్యాను పెట్టాడు. తొమ్మిది లీటర్ల నీళ్లు సరిపోయాయి. ఆ తర్వాత ఎన్నో దశాబ్దాలు ఫ్యాను ఇంజనుకే కట్టుబడి, బెల్టుతో తిరిగింది. మన అంబాసిడర్లూ, పాత జీపులూ ఆ కోవకు చెందినవే.

ఆ బెల్టు ఫ్యానులో ఒక అన్యాయం ఉండేది. బండి వేగంగా పోతూ గాలి దండిగా ఉన్నప్పుడు అది జోరుగా తిరిగేది. బండి ఆగి గాలి లేనప్పుడు, ఇంజను నెమ్మదించింది కాబట్టి అదీ నెమ్మదించేది. అక్కర లేనప్పుడు ఎక్కువ, అక్కర పడ్డప్పుడు తక్కువ. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చినప్పుడు మన రోడ్ల మీద ఈ లెక్క మారడం మొదలైంది. అట్లాంటి చిన్న కార్లలో ఇంజను అడ్డంగా కూర్చుంటుంది. దాని బెల్టు ముందున్న రేడియేటర్ వైపు తిరగదు. అందుకని ఫ్యానుకు సొంతంగా ఒక మోటరు పెట్టారు. ఇక అది ఇంజను వేగాన్ని చూడదు, వేడిని చూస్తుంది. థర్మోస్టాట్ 82, 88 డిగ్రీల మధ్య తెరుచుకుంటే, చాలా కార్లలో ఫ్యాను 95, 100 డిగ్రీల మధ్య మొదలవుతుంది. నాలుగైదు డిగ్రీలు తగ్గగానే ఆగిపోతుంది. యంత్రానికి అక్కర తెలిసింది.

ఆ మేలుతో పాటు ఒక చిక్కూ వచ్చింది. ఇంజను నడుస్తుండగా బెల్టు ఫ్యాను తిరగలేదంటే అది రోగమే, చూసినవాడికి చూసినంతలో తెలిసిపోతుంది. కరెంటు ఫ్యానుకు తిరగకుండా ఉండటమే చాలాసేపు ఆరోగ్యం. బాగున్నప్పుడూ మౌనమే, చచ్చిపోయినప్పుడూ మౌనమే. బయటినుంచి చూస్తే ఈ రెండు మౌనాలకూ తేడా లేదు. తిరగకపోవడం రోగం కాదు, తిరగాల్సినప్పుడు తిరగకపోవడం రోగం. ఆ 'తిరగాల్సినప్పుడు' వచ్చేదాకా రోగం దాక్కునే ఉంటుంది.

చెరువు మరువను, అంటే నిండిన చెరువులో మిగులు నీళ్లు బయటికి పారే అలుగును, ఎరిగినవాళ్లకు ఈ సంగతి విడమరిచి చెప్పనక్కరలేదు. ఏడాదికి ఐదారు వందల మిల్లీమీటర్ల వానతో బతికే నేల మాది. చెరువు నిండి మరువ పారడమంటే ఏ కొన్నేళ్లకో వచ్చే పండగ. మిగిలిన కాలమంతా మరువ ఎండి ఉంటుంది. కంపచెట్లు మొలుస్తాయి, మట్టి పేరుకుంటుంది. పారని మరువ బాగుందో లేదో అడిగేవాళ్లు ఉండరు. 2021 నవంబరులో చిత్రావతి నది పొంగినప్పుడు కురిసినట్టు వానలు ఒక్కసారిగా వచ్చిపడితే, ఊరినీ చెరువునూ కాపాడాల్సింది ఆ మరువే. అది పూడిపోయి ఉంటే నీళ్లు కట్ట మీదికి ఎక్కుతాయి. కట్ట తెగాక మరువను తిట్టి లాభం లేదు. నిండుకుండలా చెరువు ఉన్న రోజున కాదు, అడుగంటిన రోజున మరువ దగ్గరికి పోయి చూడాల్సింది. ఫ్యానును కూడా అంతే.

అందుకని ఫ్యాను విషయంలో మొదట చేయాల్సింది విప్పడం కాదు, పిలవడం. అన్నింటికన్నా సులువైన పిలుపు ఏసీ స్విచ్చి. ఏసీ కండెన్సరు రేడియేటర్ ముందరే ఉంటుంది, దానికీ గాలి కావాలి. అందుకే చాలా కార్లలో ఇంజను నడుస్తుండగా ఏసీ వేస్తే కాసేపట్లోనే ఫ్యాను తిరగాలి. మా రోడ్డులో షెడ్డు నడిపే ఒక ఎలక్ట్రీషియన్ అన్న బానెట్ ఎత్తకముందే అడిగే ప్రశ్న ఇది: "పొయ్యేటప్పుడు ఏసీ చల్లగొస్తాదా? నిలబెడితే తగ్గుతాదా?" అవునంటే, ముల్లు ఇంకా పైకి లేవకపోయినా, ఫ్యాను నుంచి తొలి కబురు వచ్చినట్టే. ఎక్కడెక్కడ అడగాలో తెలిసినవాడి నెమ్మది ఆయనది. అది చూస్తూ నిలబడటం నాకు ఇష్టం.

ఏసీకి తిరిగింది, వేడికి తిరగలేదు అంటే మోటరుకు ఏ పాపమూ తెలియదు. దాన్ని పిలవాల్సినవాళ్లు పిలవడం లేదు. రెండింటికీ తిరగలేదంటే అప్పుడు మోటరు దాకా పోవాలి. ఫ్యాను దగ్గరున్న కప్లరు ఊడదీసి, ఫ్యూజు కట్టిన వైరుతో బ్యాటరీ కరెంటు నేరుగా మోటరుకు ఇచ్చి చూడాలి. ప్లస్సూ మైనస్సూ తారుమారు కాకూడదు, అయితే చాలా మోటర్లు వెనక్కి తిరిగి గాలిని ఎదురుదిక్కు తోస్తాయి. సరిగ్గా ఇచ్చినప్పుడు జోరుగా తిరిగితే మోటరు బాగుంది. ఉలకకపోతే స్క్రూడ్రైవరు పిడితో మెల్లగా తట్టాలి. తడితే లేచిందంటే లోపల కార్బన్లు అరిగాయి, ఇంకొన్నాళ్లే. తట్టినా లేవకపోతే అప్పుడు మోటరు మార్చాలి. చేయడానికి ఐదు నిమిషాలు పట్టే ఈ పరీక్ష చేయకుండా, 'తిరగల్యాదు కాబట్టి మోటరు పోయింది' అని వేలు పోసి కొత్తది వేయించుకొని, ఇంకో కూడలిలో అదే పొగలో నిలబడ్డవాళ్లు ఎందరో ఉన్నారు. పలకనివాడిని దోషి అనే ముందు, వాడికి పిలుపు అందిందా అని అడగడం న్యాయం. మనుషుల విషయంలో ఒప్పుకునే ఈ మాట యంత్రం విషయంలో ఎందుకో మరిచిపోతాం.

పిలుపు వచ్చే దారి ఎంతో పొడుగైంది కాదు. సెన్సరు వేడిని చెబుతుంది, బండిలోని కంప్యూటరు విని రిలేకు ఆజ్ఞ ఇస్తుంది, రిలే పెద్ద కరెంటుకు తలుపు తెరుస్తుంది, ఫ్యూజు దాన్ని కాపలా కాస్తుంది, కప్లరు దాటి మోటరు తిరుగుతుంది, ఎర్తు వైరు ఆ కరెంటును తిరిగి బ్యాటరీకి చేరుస్తుంది. వీటిలో ఏ ఒక్కటి మౌనం వహించినా నింద పడేది మోటరు మీదే.

ఫ్యూజు చూడటం సులువు. కానీ అది ఎందుకు పోయిందో అడగాలి. 30, 40 ఆంపియర్ల ఫ్యూజు ఊరికే పోదు. బిగుసుకుపోయిన మోటరు ఎక్కువ కరెంటు లాగి ఉంటుంది, లేదా ఎక్కడో వైరు ఒరుసుకుని బాడీకి తగిలి ఉంటుంది. ఇంకా పెద్ద ఫ్యూజు వేయడమంటే కాపలావాడిని తప్పించి వైరింగును మంటకు అప్పజెప్పడం. రిలే మీద వేలు పెడితే టక్కుమని కొట్టడం తెలుస్తుంది. పక్కనే అదే రకం రిలే ఉంటే మార్చి చూస్తే ఒక అనుమానం తీరుతుంది. అయితే టక్కుమన్నంత మాత్రాన సరిపోదు. లోపలి కాంటాక్టులు కాలిపోయి ఉంటే చప్పుడు ఉంటుంది, కరెంటు దాటదు. రెండు వేగాల ఫ్యాను అయితే ఇంకో మెలిక ఉంది. తక్కువ వేగానికి వాడే రెసిస్టరు కాలిపోతే మొదటి పిలుపు వృథా అవుతుంది. వేడి బాగా పెరిగాక పెద్ద వేగంతో ఒక్కసారిగా ఫ్యాను గర్జిస్తుంది. అది విని 'మా ఫ్యాను బలే పనిచేస్తాంది' అని సంతోషించేవాళ్లు ఉంటారు. నిజానికి అది ఆలస్యంగా వచ్చిన సాయం.

ఈ మొత్తం వెతుకులాటలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసేది మీటరుకూ, టెస్టు ల్యాంపుకూ ఉన్న తేడా. కప్లరు విప్పి మల్టీమీటరు పెడితే 12 వోల్టులు చూపించవచ్చు. చూపించినంత మాత్రాన మోటరుకు కావాల్సిన కరెంటు అందుతుందని కాదు. వైరులో పోగులన్నీ తెగి ఒక్క పోగు మిగిలినా మీటరు తృప్తి పడుతుంది, ఎందుకంటే అది ఏమీ మోయమని అడగదు. హెడ్‌లైటు బల్బు లాంటి బరువైన ల్యాంపు పెడితే ఆ ఒక్క పోగు సంగతి బయటపడుతుంది. బల్బు మిణుకుమంటుంది, వోల్టేజి పడిపోతుంది. తుప్పు పట్టిన ఎర్తు కూడా అట్లాగే దొరుకుతుంది. బరువు మోపకుండా బలాన్ని కొలవలేం. ఖాళీగా ఉన్నప్పుడు అంతా సరిగ్గానే కనిపిస్తుంది. పని అడిగితేనే నిజం తెలుస్తుంది.

ఇక సెన్సరు. ఇది వేడెక్కేకొద్దీ నిరోధం తగ్గే చిన్న ముక్క. చాలా కార్లలో 20 డిగ్రీల దగ్గర రెండు మూడు వేల ఓములు ఉండేది, 80 డిగ్రీలకు మూడు వందల దగ్గరికి దిగుతుంది. దాని కప్లరు పీకేస్తే, వేడి ఎంతో తెలియని కంప్యూటరు చాలా కార్లలో చెడును ఊహించి ఫ్యానును పూర్తిగా తిప్పేస్తుంది. ఇది నాకు ఎంతో గౌరవం కలిగించే ఏర్పాటు. తెలియనప్పుడు ప్రమాదం ఉందనే అనుకుని జాగ్రత్త పడమని ఎవరో ఇంజనీరు ముందే ఆలోచించాడు. సెన్సరు పీకితే ఫ్యాను తిరిగిందంటే కంప్యూటరు, రిలే, మోటరు అన్నీ బాగున్నట్టే. తప్పు సెన్సరుదో, దానికి అందుతున్న కబురుదో.

కబురు తప్పు కావడానికి సెన్సరు పాడవ్వాల్సిన పనిలేదు. కూలెంటు తగ్గిపోయినా, మార్చినప్పుడు లోపల గాలి చిక్కుకున్నా, సెన్సరు నీళ్లలో మునగకుండా గాలిలో మిగిలిపోతుంది. ఇంజను మరుగుతుంటే అది చల్లగానే ఉందని చెబుతుంది. ముల్లు కిందికి దిగుతుంది, ఫ్యాను తిరగదు, డ్రైవరు నిశ్చింతగా ఉంటాడు. అబద్ధం చెప్పే సెన్సరు కాదు అది. తనను తాకినదాన్నే అది చెప్పగలదు. అందుకే ఏ పరీక్షకైనా ముందు చల్లటి ఇంజనులో కూలెంటు మట్టం చూడాలి. చల్లటి ఇంజను అని నొక్కి చెబుతున్నాను. మూత పట్టి ఉంచే ఒక బార్ ఒత్తిడి వల్ల లోపల నీళ్లు 120 డిగ్రీల దాకా మరగకుండా ఉంటాయి. వేడిమీద ఆ మూత తిప్పితే అవన్నీ ఒక్కసారి మరిగి ముఖం మీదికి లేస్తాయి. ఇంజను ఆపినా ఫ్యాను దానంతటదే తిరగవచ్చు, కాబట్టి బ్యాటరీ టెర్మినల్ తీయకుండా రెక్కల మధ్య వేలు పెట్టకూడదు. ఈ రెండు మాటలూ ప్రతి షెడ్డులో గోడ మీద పెద్ద అక్షరాలతో రాయదగ్గవి.

ఇంత దారి వెతకడానికి ఓపిక లేనిచోట ఒక అడ్డదారి పుట్టింది. దాన్ని 'డైరెక్ట్ కొట్టడం' అంటారు. సెన్సరునూ కంప్యూటరునూ పక్కనపెట్టి, తాళం తిప్పగానే ఫ్యాను తిరిగేట్టు వైరు కలిపేస్తారు. ఇంకొందరు థర్మోస్టాట్‌నే తీసి పారేస్తారు. ఊరు చేరాలన్న తొందరలో ఉన్నవాళ్లు అదే అడుగుతారు: "డైరెక్ట్ కొట్టెయ్ అన్నా, రాత్రికి బెంగుళూరు పోవల్ల." ఆ ఎలక్ట్రీషియన్ అన్న జవాబు నాకు బాగా నచ్చింది. "కొడితే ఫ్యాను తిరుగుతాది సామీ. రోగం యాడికీ పోదు." దారిలో చిక్కుకున్న కుటుంబాన్ని ఇల్లు చేర్చడానికి, సరైన ఫ్యూజు కట్టి, ఒక్క రాత్రికి అట్లా చేయడంలో తప్పు లేదు. ఆ ఒక్క రాత్రి ఏళ్లుగా మారడమే చెడు. పొద్దున చల్లటి ఇంజను ఆలస్యంగా వేడెక్కుతుంది, పెట్రోలు ఎక్కువ తాగుతుంది, మోటరు ఆయుష్షు అక్కరలేని తిరుగుడులో కరిగిపోతుంది. అన్నిటికన్నా పెద్ద నష్టం ఇంకొకటి. అక్కర ఎప్పుడో తెలుసుకునే తెలివిని బండి నుంచి తీసేశాం. మేబాక్ కాలం నుంచి ఎనభై ఏళ్లు పట్టి నేర్చుకున్నదాన్ని జానెడు వైరుతో మరిపించాం.

ఈ తెలివి పట్ల గౌరవం మా ప్రాంతానికి ఇప్పుడు ఇంకా ఎక్కువ ఉండాలి. పెనుకొండ దగ్గర ఎర్రమంచిలో కియా కర్మాగారం నుంచి 2019 ఆగస్టులో మొదటి సెల్టోస్ బయటికి వచ్చింది. 2023 జూలై నాటికి అక్కడ తయారైన కార్లు పది లక్షలకు చేరాయి. వేరుశనగ తప్ప వేరే దిక్కు లేదనుకున్న నేలలో మా పిల్లలు ఇప్పుడు కారు ప్రతి భాగాన్నీ పేరుపెట్టి పిలుస్తున్నారు. కొత్త కార్లలో ఫ్యాను రోగం చెప్పడానికి స్కానరు ఉంది. దాన్ని తగిలిస్తే పి0480 అని కోడు వస్తుంది, ఫ్యానును నడిపే సర్క్యూటులో తేడా ఉందని దానర్థం. కానీ ఆ కోడు వీధి పేరు చెబుతుంది, ఇంటి తలుపు తట్టదు. వైరు తెగిందా, రిలే పోయిందా, కప్లరు కాలిందా అన్నది మళ్లీ మనిషే, ల్యాంపు పట్టుకొని, ఒక్కొక్కటిగా అడగాలి. స్కానరును నడపడం ఒక రోజులో నేర్చుకోవచ్చు. వరస తప్పకుండా అడగడం, జవాబు వచ్చేదాకా ఎవరినీ దోషి అనకపోవడం, ఇవి నెమ్మదిగా వచ్చే చదువు. ఆ చదువు కర్మాగారంలో కొలువు చేసే పిల్లవాడికీ కావాలి, కూడలిలో చిన్న షెడ్డు పెట్టుకున్నవాడికీ కావాలి.

కారు ఉన్న ప్రతి ఇంటికీ నేను చేసే విన్నపం ఒకటే. మార్చి నెల ముదరక ముందే ఒక సాయంత్రం, చల్లటి ఇంజనులో కూలెంటు చూసి, బండిని గాలి ఆడే చోట నిలబెట్టండి. ముందు ఏసీ వేసి ఫ్యాను తిరగడం వినండి. తర్వాత ఏసీ ఆపి, ముల్లు మీద కన్ను వేసి, ఇంజనును అట్లాగే నడవనివ్వండి. ముల్లు మామూలు చోటు దాటితే ఆపేయండి. లేకపోతే పది పదిహేను నిమిషాల్లో ఫ్యాను దానంతటదే లేవాలి. కాసేపు తిరిగి, వేడి తగ్గాక దానంతటదే ఆగాలి, మళ్లీ లేవాలి. లేవడమూ ఆగడమూ రెండూ చూడండి, ఒక్కటి చూస్తే సగం పరీక్షే. దీనికి ఖర్చు కొద్దిగా పెట్రోలు. చేయకపోతే, హెడ్ గ్యాస్కెట్ కాలి, హెడ్డు వంగి, వేల రూపాయలు పోసి కొనుక్కోవాల్సిన పాఠం ఇది. ఆ ఒక్క సాయంత్రం, నిలబడ్డ బండిలో పిలిస్తే ఫ్యాను పలికిందని విన్నవాడు, రేపు రహదారి మీద దాని మౌనాన్ని ఆరోగ్యమనే ధైర్యంగా నమ్మవచ్చు.